ఎడమ సీటు ఖాళీ లేదు

మొన్న ఆదివారం నిర్మల్‌లో ఒక తొట్టెల ఫంక్షన్‌కు వెళ్లాను. హాలు గేటు ముందు మూడంతస్తుల ఎత్తున ఫ్లెక్సీ కట్టారు. తొట్టెలలో వేయబోయే పిల్ల ఫొటో అందులో ఒక మూల తపాలా బిళ్లంత ఉంది. మిగతా స్థలమంతా ఆ పిల్ల తల్లిదండ్రులు పెళ్లికి ముందు దిగిన ఫొటో ఆక్రమించుకుంది. పోనీ అందులోనైనా వాళ్లు నిండుగా ఉన్నారా అంటే అదీ లేదు. ఒక చిలకపచ్చ రంగు చిన్న కారు వెనక సీట్లోంచి గంపలో కోడిపిల్లల్లా మెడలు సాచి చూస్తున్నారు. ముందు, స్టీరింగు పట్టుకొని, పెళ్లి తనదే అన్నంత గంభీరంగా, మహారాష్ట్ర సరిహద్దు దాకా కనపడే మీసంతో కూర్చున్నాయన మా కాకా. ఆయన పక్క సీటు ఖాళీగా ఉంది.

కాకా పోయి నాలుగు నెలలైంది.

నేను గిఫ్టు కవరు చేతిలో పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. పిల్ల మేనమామ దగ్గరికి వచ్చి ఏమైంది సార్ అని అడిగాడు. ఆ ముందు కూర్చున్నాయన ఎవరో మీకు తెలుసా అన్నాను. తెలియదన్నాడు. సిరిసిల్లలో దిగిన ఫొటో అని, కారుతోపాటు ఆ తాత కూడా వచ్చాడని, ఫొటోకు అడ్డమవుతున్నావు కాసేపు దిగమంటే దిగనన్నాడని తమ బావ చెప్పాడట. పరాయి పెళ్లిలో, పరాయి తొట్టెలలో, పోయిన తర్వాత కూడా దిగకుండా కూర్చున్నాడు. నేను లోపలికి పోయి అక్షింతలు వేసి, అన్నం తిని, మళ్లీ గేటు దగ్గరికి వచ్చి ఇంకోసారి చూసి ఇంటికి వచ్చాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దాచిపెట్టాలని కాదు, ఆ పేరుకు వాడకమే లేదు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. ఒక షెడ్డులో ఇరవై సాంచెలు ఆడుతుంటే పక్కన పిడుగు పడినా ఎవరికీ వినపడదు. ఆ పిడుగు చిన్నబుచ్చుకొని వెళ్లిపోవాల్సిందే. అక్కడ మనిషిని పేరు పెట్టి పిలవరు. చప్పట్లు, చేతులు, కనుబొమలు, అంతే. నలభై ఏళ్లు ఆ సాంచెలు బాగుచేసే మిస్త్రీగా బతికిన మనిషి పేరు ఆధార్ కార్డులో తప్ప ఎక్కడా బయటపడలేదు. నేను ఆయన ఇంటి మీది వాటాలో పదేళ్లకు పైగా అద్దెకున్నాను. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ని. మొదటి రోజు నేను కాకా అన్నాను, ఆయన సారు అన్నాడు. మా మధ్య నామకరణాలు అంతటితో ముగిశాయి. ఆయన భార్య నాకు చిన్నమ్మ అయింది.

చిన్నమ్మ కూడా అదే షెడ్డులో కండెలు చుట్టేది. అంటే సాంచెలోకి పోయే నూలును చిన్న చిన్న గొట్టాల మీదికి ఎక్కించే పని. మొగుడూ పెళ్లాలిద్దరూ జీవితంలో సగం ఆ మోతలో గడిపినవాళ్లు కనుక ఇంట్లో కూడా చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు గిరగిరా తిప్పితే కండె అయిపోయిందని. అరచెయ్యి కిందికి వాలిస్తే మోటారు ఆపమని. ఈ మూడింటితో వాళ్లు ఉప్పు అయిపోయిన సంగతి, చుట్టాలు వచ్చిన సంగతి, ఆ చుట్టాలు ఎప్పుడు పోతారన్న సంగతి కూడా నడిపించేవాళ్లు. వాళ్లింట్లో కొట్లాట వినపడదు, కనపడుతుంది. మా ఆవిడ పైనుంచి వంగి చూసి, ఇవాళ చిన్నమ్మది పైచెయ్యిగా ఉందని నాకు వార్తలు అందించేది.

కాకా దేన్ని బాగుచేయాలన్నా మొదట దాని మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. సాంచె అయినా, మా మిక్సీ అయినా, జ్వరమొచ్చిన మనిషైనా సరే. కాసేపటికి కళ్లు తెరిచి, "సప్పుడు మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకు," అనేవాడు. ఒకసారి మా మామగారికి గుండె నొప్పి వస్తే కూడా ఇదే తీర్పు ఇచ్చాడు. ఆయన ఇప్పటికీ బతికే ఉన్నాడు. ఆసుపత్రి ఖర్చు మాది, పేరు కాకాది.

అలాంటి మనిషి, కాగజ్‌నగర్‌లో పేపర్ మిల్లు మూతబడ్డ రోజుల్లో, అక్కను పలకరించి వస్తానని పోయి, కారుతో తిరిగొచ్చాడు.

ఊరు ఖాళీ చేసి పోతున్న ఒక ఆఫీసరు క్వార్టరు వెనక ఆ కారు పడి ఉందట. ఇంజన్ మీద కోడి పొదుగుతోందట. కాకా అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడట. ఇంజన్ ఆడటం లేదు, చప్పుడే లేదు, అయినా చప్పుడు మంచిగున్నదన్నాడట. కదిలించగలిగితే తీసుకుపొమ్మన్నాడు ఆఫీసరు. కోడి గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగి, తీసుకొచ్చాడు. కాగజ్‌నగర్ నుంచి సిరిసిల్లకు మూడు రోజులు పట్టింది. సుల్తానాబాద్‌లో ఒక రైస్‌మిల్లు ముందు అది ఎంతకూ కదలకపోతే హమాలీలు బస్తాను ఎత్తినట్టు నలుగురు ఎత్తి నీడలో పెట్టారట. బస్తా కంటే తేలికగా ఉందని తమలో తాము ఆశ్చర్యపోయారట.

ఆ కారు ఏ కంపెనీదో చెప్పను. రెండే తలుపులు, ఒళ్లంతా ఫైబర్. పొడవు మా ఇంట్లోని దివాన్ మంచం కంటే జానెడు ఎక్కువ. ఎత్తు పక్కింటి బర్రె నడుము దాకా. ఆ బర్రె మొదటి రోజే దాన్ని దూడ అనుకొని ఆప్యాయంగా నాకింది. ముక్కు ముందుకు సాగి, దీపాలు లోపలికి పోయి, కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో అని ఆలోచిస్తున్న ముసలాయన ముఖంలా ఉండేది. కుడి తలుపుకు పిడి లేకపోతే కాకా అరిగిపోయిన నాడెను బిగించాడు. పోగును అటూ ఇటూ మోసే ఆ కర్రనాడె నూలు రాసుకొని రాసుకొని అద్దంలా నునుపెక్కింది. అలాంటి తలుపు పిడి లక్షలు పోసి కొన్న కార్లకు కూడా ఉండదు. గేరు కడ్డీ నెత్తిన కండె పెట్టాడు. ముందు భాగం పగిలి ఉంటే డెంటింగ్ షాపుల్లో ఎవరూ ముట్టుకోలేదు, సుత్తె పడితే మొత్తం రాలుతుందని. కాకా దాన్ని నిర్మల్‌కు తీసుకుపోయి కొయ్యబొమ్మలు చేసే ఆయన ముందు ఆపాడు. బొమ్మల ముక్కులు అతికించినట్టే, చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి కారు ముక్కు అతికించాడాయన. మిగిలిన చిలకపచ్చ రంగంతా పూశాడు. ఆ తర్వాత మొదటి వానకు మా వీధి వీధంతా పచ్చిపులుసు వాసన వచ్చింది.

ఇంత తిప్పలు ఎందుకు పడ్డావని అడిగాను. కాకా ఎడమ సీటుకు కొత్త గుడ్డ తొడుగుతున్నాడు. తెలిసిన నేతాయనతో ప్రత్యేకంగా మీటరు గుడ్డ, ఎర్ర అంచుతో, దాని కోసమే నేయించాడు.

"సారు, ముప్పై అయిదేండ్లు మీ చిన్నమ్మను సైకిల్ ఎనక క్యారేజీ మీద తిప్పిన. ఎనక కూసున్న మనిషి మొకం కనవడది. ఒక్కపారన్న పక్కపొంటి కూసుండవెట్టుకొని కరీంనగర్ తీస్కపోవాలె. గంతే."

గంతే అన్న ఆ పని ఎంత పెద్దదో అప్పటికి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మంచిరోజు చూసి, బండి పూజకు వేములవాడ రాజన్న దగ్గరికి బయలుదేరారు. చిన్నమ్మ పట్టుచీర కట్టింది. ఎర్ర అంచు సీట్లో మహారాణిలా కూర్చుంది. నేను వెనక సీట్లో ఉన్నాను. నేను తొంభై కిలోల మనిషిని. ఆ సీట్లో నన్ను అమర్చడానికి మడత మంచాన్ని మడిచే పద్ధతి వాడాల్సి వచ్చింది. వేములవాడ దాకా కారు నిమ్మళంగానే వచ్చింది. గుడి బయట పూజ చేసే అయ్యగారు కారుకు పసుపు పూసి, దండ వేసి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, ఇక పోనివ్వమన్నాడు.

కాకా మొదటి గేరు వేశాడు. కారు వణికింది, మూలిగింది, ఒక వేలెడు ముందుకు వంగింది, మళ్లీ వెనక్కి వచ్చి ఆగింది. నిమ్మకాయ ఎక్కలేకపోయింది.

రెండోసారి ఇంకా గట్టిగా మూలిగింది. మూడోసారి ఇంజనే ఆగిపోయింది. కాకా కిందికి దిగి నిమ్మకాయను నొక్కి చూసి, ఇది కచ్చిది, గట్టిగా ఉన్నదని అయ్యగారికి చెప్పాడు. అయ్యగారు సంచి వెతికి చిన్నవి, మెత్తవి పెట్టాడు. వాటి మీదికీ ఎక్కలేదు. నేను దిగితే బరువు తగ్గుతుందని అందరికీ ఒకేసారి తోచింది, కానీ నేను రావడం లేదు. ఇద్దరు కాళ్లు, ఒకరు తల పట్టుకొని లాగారు. ఈలోగా జాతరంత జనం పోగయ్యారు. కోడె మొక్కు చెల్లించడానికి వచ్చిన ఒక కుటుంబం మా వెనకే నిలబడింది. తాడు కట్టిన కోడె కూడా మెడ పక్కకు వంచి కారును చూస్తోంది. చివరికి చిన్నమ్మ దిగి, పట్టుచీర కొంగు నడుముకు చెక్కుకొని, వెనక నుంచి తోయడం మొదలుపెట్టింది.

జనంలోంచి ఎవరో అన్నారు. "ఎందుకమ్మ గంత తిప్పల? గా కోడెను కట్టున్రి, గుంజుతది."

నవ్వు ఆ మూల నుంచి ఈ మూలకు గాలివానలా వచ్చింది. గాజులమ్మే వాళ్లు నవ్వారు, కొబ్బరికాయల వాళ్లు నవ్వారు. అయ్యగారు మంత్రం మధ్యలో ఆపి నవ్వి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. చిన్నమ్మ చేతులు దులుపుకుంది. నవ్వినవాళ్లను ఒక్క మాట అనలేదు. కాకాతో మాత్రం, చేతులతో కాదు, నోటితో, అందరూ వినేలా చెప్పింది.

"నిమ్మకాయ మీదికి ఎక్కని కారుల నేనెక్క."

బస్టాండుకు నడుచుకుంటూ పోయి సిరిసిల్ల బస్సెక్కింది. కాకా నిమ్మకాయలు తీసేసి, ఖాళీ సీటుతో ఇంటికి వచ్చాడు.

ఆ రోజు నుంచి ఆ సీటు అలాగే ఉండిపోయింది. అందులో ఎవరినీ కూర్చోనివ్వలేదు. వెనక సీట్లోకి పోవాలంటే ముందు సీటు వంచాలి కదా, ఎడమ సీటు వంచడం కూడా నిషేధం; కుడి వైపు నుంచే దూరాలి. ఒకసారి మా ప్రిన్సిపాల్ పొరపాటున ఎడమ తలుపు మీద చెయ్యి వేస్తే కాకా, "సార్, గా సీటు ఖాళీ లేదు," అన్నాడు. ప్రిన్సిపాల్ వంగి లోపలికి చూసి, ఎవరూ కనపడక, దండం పెట్టి ఆటోలో వెళ్లిపోయాడు. కాకా రోజూ పొద్దున్నే ఆ సీటు దులిపేవాడు. ఎవరూ కూర్చోని సీటుకు దుమ్ము తప్ప ఏం అంటుతుంది, అయినా మురికి బట్ట ఉతికినంత సేపు దులిపేవాడు.

వాళ్ల బిడ్డ, అల్లుడు కరీంనగర్‌లో ఉంటారు. నెలకోసారి చూడటానికి పోవాలి. చిన్నమ్మ బస్సులో పోయేది. కాకా కారులో పోయేవాడు. ఒకే రోజు, ఒకే వేళకు, బస్సు వెనక కారు. చిన్నమ్మ బస్సులో చివరి సీట్లో, వెనక అద్దం దగ్గర కూర్చునేది. ఆ అద్దంలోంచి ఆమె, ఈ అద్దంలోంచి ఆయన, సాంచెల షెడ్డులో మాట్లాడినట్టే చేతులతో మాట్లాడుకుంటూ పోయేవాళ్లు. నేను రెండు మూడుసార్లు వెనక సీట్లో మడతపడి కూర్చొని ఆ సంభాషణ చూశాను. కాకా ఎడమ సీటు మీద చెయ్యి తట్టి చూపించేవాడు. ఆమె రెండు వేళ్లు కత్తెరలా ఆడించేది: తెగిపోయింది. ఆయన మళ్లీ తట్టేవాడు. ఆమె అరచెయ్యి కిందికి వాల్చేది: ఆపు. బస్సులో వెనక కూర్చున్న వాళ్లంతా ఆమెకు ఏమైందోనని నీళ్లు ఇవ్వబోయేవాళ్లు. ఒకసారి కండక్టర్ బస్సు ఆపి, దిగి వచ్చి, ఎవరివయ్యా నువ్వు, ఆడమనిషిని సతాయిస్తున్నవని కాకాను నిలదీశాడు. చిన్నమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "మా ఆయననే, తియ్యి బస్సు," అని చెప్పింది. బస్సు కదిలాక కాకా చాలా దూరం నవ్వుకుంటూ నడిపాడు. మా ఆయన అన్నదని.

బస్సు ఆగిన ప్రతి చోటా కారు ఆగేది. కరీంనగర్ బస్టాండులో ఆమె సంచి మాత్రం కారెక్కేది. ఆమె ఆటో ఎక్కేది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన తర్వాత కాకా కేసు ఇంకా బలహీనపడింది. ఇన్ని రోజులు బస్సుకు టికెట్ దండుగ అనైనా వాదించేవాడు, ఇప్పుడు అదీ పోయిందని నా దగ్గర వాపోయాడు.

ఇంతలో లోకం తీరు మారింది. పెళ్లికి ముందే ఫొటోలు దిగే జబ్బు మా ఊరికీ వచ్చింది. స్టూడియో నడిపే ఫొటోగ్రాఫర్ ఒకాయన, నలభైకి దగ్గర పడ్డ మనిషి, మా వీధిలో పోతూ కారును చూసి బైకు పడేసినంత పని చేశాడు. నాలుగు దిక్కుల నుంచీ చూశాడు. నాడె పిడిని నిమిరాడు. కాకా, నీ కారు మస్తు కూల్ ఉన్నదన్నాడు. మానేరు ఒడ్డున పెళ్లి జంటలను అందులో పెట్టి ఫొటోలు తీస్తానని అడిగాడు. కాకా ఒప్పుకున్నాడు, రెండు షరతుల మీద. కారుతో తానూ వస్తాడు. ఎడమ సీట్లో ఎవరూ కూర్చోరు.

మరి పెళ్లికూతురు ఎక్కడ కూర్చోవాలని ఫొటోగ్రాఫర్ అడిగాడు. వెనక, పెళ్లికొడుకు పక్కన. వెనక కూర్చుంటే ముందు నువ్వు కనపడతావు కదా కాకా. కనపడితే ఏమైతదన్నాడు కాకా.

అట్లా మొదలైంది. వెనక జంట, ముందు కాకా, పక్కన ఖాళీ సీటు. మొదటి ఫొటోలు చూసి జనం విరగబడ్డారు. కాకా లేకుండా కారు వద్దు, కాకా మీసం కూడా రావాలని అడిగేవాళ్లు తయారయ్యారు. రెండేళ్లలో సిరిసిల్లలో, వేములవాడలో, కరీంనగర్‌లో ఏ పెళ్లి హాలు ముందు చూసినా ఆయనే. తహసీల్దారును గుర్తుపట్టని వాళ్లు కూడా కాకాను గుర్తుపట్టేవాళ్లు. కారు మొరాయిస్తే పెళ్లికొడుకు తోయాలని మూడో షరతు తర్వాత వచ్చి చేరింది. తోసే తీరు చూసి ఆ సంసారం ఎట్లా సాగుతుందో కాకా చెప్పేవాడు. గుండీలు నలుగుతాయని చూసుకుంటూ తోసిన ఒక పెళ్లికొడుకు గురించి చాలా దిగులుపడ్డాడు.

ఒక సాయంత్రం మెట్లెక్కి పైకి వచ్చాడు. కూల్ అంటే ఏందో చెప్పమన్నాడు. పాతికేళ్ల ఉద్యోగంలో పరీక్షకు రాని ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను రెచ్చిపోయాను. అందరి దగ్గరా ఉండకూడదు, ఉన్నవాడు గొప్ప చెప్పుకోకూడదు, చూస్తే నవ్వు రావాలి కానీ నవ్వినవాడే చిన్నబోవాలి, అని అరగంట ఉపన్యసించాను. మా ఆవిడ రెండుసార్లు చాయ్ పెట్టింది.

కాకా అంతా విని మీసం సవరించుకున్నాడు. "కారు మారలే సారు. దాని సప్పుడు మారలే. గా దినం నవ్వినోళ్లే గిప్పుడు పక్కకు నిలవడి ఫొటోలు దిగుతుండ్రు. మరి మారిందెవలు?"

జనమే మారారన్నాను.

"రేపు మల్ల మారరా?"

ఆయనకు జవాబు అక్కర్లేదు. ఆయన వచ్చిన పని వేరే. ఊరంతా మెచ్చుకుంటోంది కనుక ఈ కూల్ సంగతి నేను కిందికి వచ్చి చిన్నమ్మకు నచ్చజెప్పాలి. లెక్చరర్ మాట కాదనదని ఆయన ఆశ. నేను వకీలు గౌను తొడుక్కున్నంత హుందాగా కిందికి దిగాను. చిన్నమ్మ పొయ్యి దగ్గర సర్వపిండి గిన్నెకు అద్దుతోంది. నేను కేసు మొత్తం వాదించాను. పేరున్న ఇంటి పిల్లలే ఆ కారు కావాలని క్యూ కడుతున్నారు, ఇప్పుడు ఎక్కితే నవ్వేవాళ్లు ఎవరూ లేరని ముగించాను.

ఆమె పిండికి వేలితో చిల్లులు పెడుతూ విన్నది.

"నలుగురు నవ్విన్నాడు దిగిపోయి, నలుగురు మెచ్చుకున్నంక ఎక్కి కూసుంటె నన్నేమంటరు సారు? గట్లెక్కితె నేనేం మనిషిని?" గొంతు తగ్గించి అన్నది. "కోపం నాలుగొద్దులకే పోయింది. గప్పుడే ఎక్కకపోతి. ఇగ ఎట్ల ఎక్కుదు?"

నేను కేసు ఓడిపోయి, వేడి సర్వపిండి ఒకటి పరిహారంగా తీసుకొని మెట్లెక్కాను. ఆమె చివర చెప్పిన మాట కాకాకు చెప్పలేదు. చెప్పాల్సిందేమో. కానీ అది నాకు చెప్పిన మాట, ఆయనకు చెప్పమని చెప్పిన మాట కాదు. ఊరు నవ్వినప్పుడు ఒక గోడ లేచింది, ఊరు మెచ్చుకున్నప్పుడు దాని మీద ఇంకో వరస ఇటుకలు పడ్డాయి. నా ఉపన్యాసంలో ఈ భాగం లేదు.

ఆ మరుసటి సంక్రాంతి దాటాక కాకాకు పక్షవాతం వచ్చింది. పెద్దది కాదు. మాట బాగానే ఉంది, నడక కొంచెం వంకర పోయింది, ఎడమ చెయ్యి మాత్రం పట్టు వదిలేసింది. అది గేరు వేసే చెయ్యి. కరీంనగర్ డాక్టర్ ఇక బండి ముట్టవద్దన్నాడు. కాకా ఆ ఎడమ అరచేతిని కుడిచేత్తో పట్టుకొని, కళ్లు మూసుకొని, చాలాసేపు విన్నాడు. ఈసారి తీర్పు ఏమీ చెప్పలేదు.

కారు వాకిట్లో ఆగిపోయింది. టైర్లలో గాలి దిగిపోతుంటే కింద ఇటుకలు పెట్టించాడు. రోజూ పొద్దున్నే ముందు ఎడమ సీటు దులిపి, స్టీరింగు ముందు ఎక్కి కూర్చొని, చాయ్ వచ్చేదాకా అక్కడే ఉండేవాడు. చిన్నమ్మ కిటికీలోంచి గ్లాసు అందించి పోయేది.

ఫొటోగ్రాఫర్ ఒక రోజు వచ్చాడు. మంచి మనిషే, పండ్లు కూడా తెచ్చాడు. కారును తనకిస్తే స్టూడియో ముందు రేకుల కింద పెట్టి కంటికి రెప్పలా చూసుకుంటానన్నాడు. ఇక్కడ ఎండకూ వానకూ పాడైపోతుందని బాధపడ్డాడు. కాకా చాలాసేపు కారును చూసి, మెల్లగా తలూపాడు. నాకు ఆ తలూపు నచ్చలేదు. సాంచెను పాత ఇనుముకు వేసేటప్పుడు దాని ఆసామి ఊపే తల అది.

ఇంట్లో కూడా ఒక మాట అడగండి అన్నాడు ఫొటోగ్రాఫర్, మర్యాద కోసం. చిన్నమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"కారు ఇస్తె ఇయ్యున్రి. ఎడమ సీటు ఇప్పి ఇంట్ల వెట్టున్రి. గా సీటు నాది."

ఫొటోగ్రాఫర్ నవ్వబోయి, మా ముఖాలు చూసి ఆగాడు. సీటు లేకుంటే కారు ఏం బాగుంటదమ్మా అన్నాడు.

"పదేండ్ల సంది గా సీట్ల ఎవల్నన్న కూసుండనిచ్చిండా? పెండ్లిపిల్లలనే ఎనకకు పంపిండు. మరి ఎవలిది అనుకున్నవు బిడ్డ?"

ఆమె చాట చెరిగింది. ఊక గాలికి లేచి కారు మీద పడింది. ఫొటోగ్రాఫర్ పండ్ల సంచి అరుగు మీద పెట్టి, ఆరోగ్యం జాగ్రత్త కాకా అని చెప్పి వెళ్లిపోయాడు. కాకా నా వైపు చూశాడు. కుడిచేత్తో మీసం సవరించుకున్నాడు. నేను మెట్లెక్కాను.

మర్నాడు ఆదివారం. సాంచెలు బంద్. వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం వల్ల నా పళ్లు తోముకునే చప్పుడు నాకే రోడ్డు రోలరులా వినిపిస్తోంది. మెట్ల మీద నిలబడి కిందికి చూశాను. కాకా స్టీరింగు ముందు కూర్చొని ఉన్నాడు. చిన్నమ్మ రెండు గ్లాసులతో బయటికి వచ్చింది. ఎప్పుడూ ఒకటే తెచ్చేది. కుడి వైపు కిటికీ దగ్గర ఆగలేదు. కారు ముందు నుంచి చుట్టు తిరిగి ఎడమ తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

ఆ తలుపు బయటి నుంచి తెరుచుకోదు. తుప్పు పట్టి గొళ్లెం బిగుసుకుపోయింది. పదేళ్లుగా ఎవరూ తెరవలేదు కనుక ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. లోపలి నుంచే తీయాలి. కాకా కుడిచెయ్యి అంత దూరం అందదు. ఒళ్లంతా ఎడమకు వాల్చి, పట్టు లేని ఆ చేతిని గొళ్లెం దాకా జరిపాడు. వేళ్లు జారాయి. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారాయి. నేను బ్రష్షు నోట్లోనే ఉంచుకొని కిందికి పరుగెత్తబోయి, ఆమెను చూసి ఆగాను. చిన్నమ్మ అటు నుంచి లాగవచ్చు, కిటికీలోంచి చెయ్యి పెట్టి తీయవచ్చు. ఏమీ చేయలేదు. రెండు చేతుల్లో రెండు గ్లాసులు పట్టుకొని, తొందర లేని మనిషిలా నిలబడింది. చాయ్ మీద పొగ పోయింది. అప్పుడు తలుపు కిర్రుమని తెరుచుకుంది.

ఆమె ఎక్కి కూర్చుంది. చీర కుచ్చిళ్లు లోపలికి తీసుకొని తలుపు వేసుకుంది. గ్లాసులు ముందున్న పలక మీద పెట్టింది. చూసి నవ్వడానికి గానీ మెచ్చుకోవడానికి గానీ అక్కడ ఎవరూ లేరు. నేనొక్కణ్నే ఉన్నాను, నేను కూడా గోడ చాటుకు జరిగాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చొని అద్దంలోంచి ఎదురుగా చూస్తున్నారు. ఎదురుగా మూడడుగుల దూరంలో ప్రహరీ గోడ ఉంది.

కాకా కుడిచేత్తో స్టీరింగు పట్టుకున్నాడు. ఆమె ముఖం వైపు ఒకసారి తిరిగి చూసి, మళ్లీ ముందుకు చూశాడు.

"జర మెల్లగ పోనియ్యి," అన్నది చిన్నమ్మ.

కాకా తలూపి, కుడిచేత్తో ఎడమ చేతిని ఎత్తి గేరు మీద పెట్టుకున్నాడు.